హార్వెల్ కంచె

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరానికి దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, సుద్దరాతి గుట్టల నడుమ హార్వెల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి పక్క పొలాల్లో బ్రిటిష్ వైమానిక దళం బాంబర్ విమానాల కోసం ఒక స్థావరం కట్టి 1937లో తెరిచింది. యుద్ధం మొదలయ్యాక వెల్లింగ్టన్ బాంబర్లను నడపబోయే సిబ్బందికి అక్కడ శిక్షణ ఇచ్చారు. మొదట్లో పచ్చిక మీదే దిగిన విమానాలకు 1941లో కాంక్రీటు రన్‌వేలు వేశారు. 1944 జూన్ 5 రాత్రి, నార్మండీలో దిగబోయే సేనలకు చీకట్లో గుర్తులు పెట్టవలసిన పారాచూట్ దళం ఆల్బమార్ల్ విమానాలెక్కి బయల్దేరింది ఇక్కడి నుంచే. రెండేళ్లు తిరక్కుండానే, 1946 జనవరి 1న, ఆ స్థావరం అణుశక్తి పరిశోధన సంస్థ చేతికి వచ్చింది. యుద్ధభూమి విజ్ఞానభూమి అయిందని ఈ కథను చెప్పుకోవడం మామూలే. అందులో అబద్ధం లేదు, కానీ అసలు సంగతి ఆ మాటతో మరుగున పడుతోంది. శాస్త్రవేత్తలకు సైన్యం నుంచి షెడ్లు, రోడ్లు మాత్రమే సంక్రమించలేదు, స్థావరం చుట్టూ ఉన్న కంచె కూడా సంక్రమించింది. హార్వెల్‌లో ఎనభై ఏళ్లుగా నిలిచిన శాస్త్రంలో ఎక్కువ భాగం ఆ కంచెను దాటుకొని బయటికి వచ్చినదే. కంచె కాపాడినందువల్ల కాదు, కంచెను పక్కకు జరుపుకుంటూ వచ్చినందువల్లే ఆ చోటు బతికింది.

ముందుగా షెడ్ల సంగతి చూడాలి, ఎందుకంటే వాటికి దక్కవలసిన ఘనత నిజంగా ఉంది. హిరోషిమా తర్వాత మూడు నెలలైనా గడవకుండా, 1945 అక్టోబర్ 29న, ప్రధాని అట్లీ అణుశక్తి పరిశోధన కేంద్రాన్ని హార్వెల్‌లో పెడుతున్నట్టు పార్లమెంటులో ప్రకటించాడు. దానికి అధిపతిగా ఎంపికైన జాన్ కాక్‌క్రాఫ్ట్ అప్పటికి కెనడాలో అణు రియాక్టర్ పనిలో ఉన్నాడు. కేంద్రం పెట్టే చోటు విశ్వవిద్యాలయానికి మరీ దూరం కాకూడదు, జనావాసాల మధ్య ఉండకూడదు, రోడ్లు, నీళ్లు, కరెంటు, మనుషులు ఉండటానికి ఇళ్లు సిద్ధంగా ఉండాలి. యుద్ధం చివర్లో సిమెంటు, ఇనుము, కలప అన్నింటికీ కరువే. అలాంటి కాలంలో నాలుగు పెద్ద హ్యాంగర్లున్న స్థావరం దొరకడం సామాన్యం కాదు. విమానం పట్టేంత ఎత్తున్న కప్పు కింద, నడుమ స్తంభాలు లేని నేల మీద, గ్రాఫైట్ దిమ్మెలు పేర్చి రియాక్టర్ కట్టుకోవచ్చు. పశ్చిమ యూరప్‌లో మొట్టమొదటి రియాక్టర్ 'గ్లీప్' అలా ఒక హ్యాంగర్ లోపలే లేచింది. అది పని మొదలుపెట్టిన తేదీ 1947 ఆగస్టు 15, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. దాని సామర్థ్యం మూడు కిలోవాట్లు, ఇవాళ ఒక ఇంట్లో రెండు ఏసీలకు సరిపోయేంత. అయినా మిగతా రియాక్టర్లకు వాడబోయే గ్రాఫైట్ ఎంత శుద్ధంగా ఉందో పరీక్షించడానికీ, వైద్యానికి కావలసిన ఐసోటోపుల తయారీకీ అది ఎంతో ఉపయోగపడింది. 1990 దాకా, నలభై మూడేళ్లు ఆగకుండా నడిచింది. మరుసటి ఏడాది వచ్చిన ఆరు మెగావాట్ల 'బెపో' రియాక్టర్‌లోంచి వెలువడే వేడి గాలితో చలికాలంలో అక్కడి భవనాలను వెచ్చబరిచేవారు.

బ్రిటన్ అణు చరిత్రలో ఇలాంటి విమానాశ్రయం ఇదొక్కటే కాదు. బాంబుల తయారీకి 1950లో ఎంచుకున్న ఆల్డర్‌మాస్టన్ పాత వైమానిక స్థావరం. స్కాట్లండ్ ఉత్తర కొసన ఫాస్ట్ రియాక్టర్ కట్టిన డౌన్‌రే కూడా అలాంటిదే. కేంద్రక సంలీన (ఫ్యూజన్) పరిశోధనకు 1960లో తీసుకున్న కల్హమ్ నౌకాదళం వాడిన విమానాశ్రయం. ఇన్నింటి మధ్య పోలిక కాకతాళీయం కాదు. అయితే ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. యుద్ధకాలంలో బ్రిటన్‌లో కట్టిన విమానాశ్రయాలు వందల్లో ఉన్నాయి. చాలా వాటిలో మళ్లీ పంట వేశారు. సిల్వర్‌స్టోన్ అనే స్థావరంలో 1948 నుంచి కార్ల పందేలు మొదలయ్యాయి. విశాలమైన నేల, ఎత్తైన షెడ్లు ఉన్నంత మాత్రాన శాస్త్రం పుట్టదని దీంతో తేలుతోంది. ఆ మాట ఒప్పుకోవలసిందే. షెడ్లు పనిని త్వరగా మొదలుపెట్టనిచ్చాయి, అంతే. ఆ పని ఏ తీరున సాగిందన్నది నిర్ణయించింది మాత్రం సైనిక స్థావరం నుంచి వచ్చిన రెండో ఆస్తి. గేటు దగ్గర కాపలా, పాసులు, ఎవరి భవనం వారిదే అన్న పద్ధతి, పక్క గదిలో ఏం జరుగుతోందో అడగరాదన్న నియమం, ఇవన్నీ కలిసిన కంచె అది.

ఆ కంచెకు అప్పట్లో కారణాలు లేకపోలేదు. అమెరికా 1946 ఆగస్టులో చేసిన చట్టంతో యుద్ధకాలపు భాగస్వామి అయిన బ్రిటన్‌కు కూడా అణు సమాచారం అందకుండా పోయింది. సొంతంగా బాంబు చేయాలని 1947 జనవరి 8న కొందరు మంత్రుల చిన్న సంఘం రహస్యంగా నిర్ణయించింది. రహస్యాలు కాపాడుకోగలమని అమెరికాకు చూపిస్తేనే మళ్లీ సహకారం దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది. ఇంత పకడ్బందీగా వేసిన కంచె ఏం సాధించిందో క్లౌస్ ఫుక్స్ ఉదంతం చూపిస్తుంది. జర్మనీలో నాజీల నుంచి తప్పించుకొని వచ్చిన ఈ భౌతిక శాస్త్రవేత్త అమెరికాలో అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో పనిచేసి, 1946లో హార్వెల్‌లో సిద్ధాంత భౌతిక విభాగానికి అధిపతి అయ్యాడు. ఏ సమాచారాన్ని రహస్యంగా ఉంచాలి, దేన్ని బయటపెట్టవచ్చు అని అమెరికన్లతో చర్చించే సమావేశాల్లో హార్వెల్ తరఫున కూర్చున్నది కూడా అతనే. అదే కాలంలో సోవియట్ గూఢచారులకు రహస్యాలు అందిస్తున్నానని 1950 జనవరిలో ఒప్పుకున్నాడు, మార్చిలో పద్నాలుగేళ్ల శిక్ష పడింది. కంచే చేను మేసింది. ఆ ఏడాది శరత్కాలంలోనే హార్వెల్ శాస్త్రవేత్త బ్రూనో పాంటెకోర్వో కుటుంబంతో సోవియట్ యూనియన్‌కు వెళ్లిపోయాడు. ఒకరిద్దరి ద్రోహం వల్ల వ్యవస్థ మొత్తాన్ని తప్పుపట్టడం న్యాయం కాదనవచ్చు. నిజమే, గూఢచారి దొరికినంత మాత్రాన తాళం వేయడమే తప్పని ఎవరూ అనరు. అయితే తాళం ఎవరిని ఆపిందో కూడా లెక్క చూడాలి. ఫుక్స్ లోపలి మనిషి కాబట్టి అతన్ని ఆపలేకపోయింది. ఆక్స్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చి యంత్రాలు వాడుకోవాలనుకున్న పరిశోధకులకు మాత్రం అడుగడుగునా అడ్డయింది. యుద్ధం తర్వాత కణ భౌతిక శాస్త్రానికి ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ భరించలేనంత పెద్ద యంత్రాలు కావలసివచ్చాయి. వాటికి నేల, డబ్బు, ఇంజనీర్లు ఉన్నది హార్వెల్‌లో, వాటిని వాడవలసినవాళ్లు ఉన్నది కంచె అవతల.

ఆ చిక్కుకు 1957లో దొరికిన పరిష్కారం నా దృష్టిలో హార్వెల్ చరిత్రలో అన్నింటికన్నా ముఖ్యమైన ఘటన, రియాక్టర్ల కన్నా కూడా. విశ్వవిద్యాలయాల కోసం ఏర్పడిన కొత్త జాతీయ సంస్థ ఒకటి పాత స్థావరాన్ని ఆనుకొని, కాపలా ఉన్న కంచెకు బయట, తన గేటు తనదిగా ప్రయోగశాల కట్టింది. దానికి భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్ పేరు పెట్టారు. రహస్య అనుమతి పత్రాలు లేకుండా డిగ్రీ విద్యార్థి కూడా లోపలికి వెళ్లగలిగాడు. దూరం చూస్తే కొన్ని వందల గజాలు, కానీ పద్ధతిలో వచ్చిన మార్పు చాలా పెద్దది. ఆ ప్రయోగశాలలో 7 బిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ యంత్రం నిమ్రాడ్ 1963లో పనిచేయడం మొదలుపెట్టి 1978లో ఆగింది. అప్పటికి కణ భౌతిక శాస్త్రం జెనీవాలోని సెర్న్ ప్రయోగశాల వైపు మళ్లింది. నిమ్రాడ్ కోసం కట్టిన భవనాన్నీ, పరికరాల్లో పనికొచ్చేవాటినీ వాడుకొని న్యూట్రాన్లు పుట్టించే కొత్త యంత్రాన్ని అక్కడే నిలబెట్టారు. 1984 డిసెంబర్ 16న తొలి న్యూట్రాన్లు వచ్చాయి, మరుసటి ఏడాది దానికి ఐసిస్ అని పేరు పెట్టారు. పదార్థం లోపల పరమాణువులు ఎక్కడున్నాయో, ఎలా కదులుతున్నాయో చూడటానికి రసాయన, జీవ, భూగర్భ శాస్త్రాల వాళ్లంతా అక్కడికి వస్తారు. వాళ్లలో ఎక్కువమంది హార్వెల్ ఉద్యోగులు కారు, కొద్ది రోజులు యంత్రం వాడుకొని వెళ్లే అతిథులు. 2007 నుంచి నడుస్తున్న డైమండ్ సింక్రోట్రాన్ కూడా ఇదే పద్ధతిని పాటిస్తోంది. 562 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఈ వలయం బలమైన ఎక్స్‌రే కిరణాలిస్తుంది. ఫలితాలు ప్రచురించే పరిశోధకులకు, వాళ్ల ప్రతిపాదన నిపుణుల పరిశీలనలో నెగ్గితే, వాడుక ఉచితం. ఫలితాలు తమ దగ్గరే దాచుకోదలచిన కంపెనీలు డబ్బు కట్టాలి. 1946లో ఇదే నేల మీద దాచడం విధి, చెప్పడానికి అనుమతి కావాలి. డైమండ్ నాటికి ఆ వరుస పూర్తిగా తిరగబడింది.

సంలీన పరిశోధన చరిత్ర ఈ వాదానికి గట్టి పరీక్ష పెడుతుంది. ఇక్కడ మన దేశపు మాట కూడా ఉంది. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన అణుశక్తి శాంతి వినియోగాల మహాసభకు హోమీ భాభా అధ్యక్షుడు. కేంబ్రిడ్జ్‌లో కావెండిష్ ప్రయోగశాల రోజుల నుంచీ ఆయనకూ కాక్‌క్రాఫ్ట్‌కూ పరిచయం. మరుసటి ఏడాది ట్రాంబేలో పనిచేసిన మన మొదటి రియాక్టర్ అప్సరకు ఇంధనం బ్రిటన్ నుంచే వచ్చింది. అధ్యక్షోపన్యాసంలో భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులో వెలికితీసే దారి దొరుకుతుందని చెప్పాడు. ఆ జోస్యం ఫలించలేదు. కానీ పెద్ద దేశాలు గుట్టుగా చేస్తున్న పని పేరు ఎత్తి అందరి ముందు మాట్లాడటంతో, తామూ ఆ పనిలో ఉన్నామని అవి ఒప్పుకోక తప్పలేదు. 1956 ఏప్రిల్‌లో సోవియట్ అణు కార్యక్రమ అధిపతి కుర్చటోవ్ హార్వెల్‌కే వచ్చి తమ ప్రయోగాల గురించి దాపరికం లేకుండా ఉపన్యసించాడు. అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది: న్యూట్రాన్లు కనిపించినంత మాత్రాన అవి నిజమైన సంలీనం నుంచి వచ్చినవని అనుకోరాదు. హార్వెల్ హ్యాంగర్లలో ఒకదానిలో నడుస్తున్న జీటా అనే సంలీన యంత్రంలో 1957లో న్యూట్రాన్లు కనిపించాయి. అమెరికాతో రహస్య ఒప్పందాల వల్ల ప్రకటన నెలల తరబడి ఆగింది, ఈలోగా పత్రికల్లో పుకార్లు పెరిగాయి. 1958 జనవరిలో ఒక్కసారిగా బయటపెట్టినప్పుడు, ఇవి సంలీనం వల్లనే అని తొంభై శాతం నమ్ముతున్నానని కాక్‌క్రాఫ్ట్ అన్నాడు. పత్రికలు పండగ చేసుకున్నాయి. కొద్ది నెలలకే అదే సంస్థలోని బాసిల్ రోజ్, న్యూట్రాన్ల దిశనూ శక్తినీ కొలిచి, అవి నిజమైన సంలీనంలోలా వేడి వల్ల పుట్టినవి కావని చూపించాడు. మే నెలలో ప్రకటన వెనక్కి తీసుకున్నారు.

జీటా విషయంలో నవ్వులపాలైంది బయటపెట్టినందుకే కదా, మూసి ఉంచి నిదానంగా సరిచూసుకొని ఉంటే పోయేది కదా అని అడగవచ్చు. ఇది తేలిగ్గా తోసేయగల ప్రశ్న కాదు. కానీ నెలల తరబడి ఆగిన కాలంలో ఆ ఫలితాన్ని సరిచూడగల బయటివాళ్లు దాన్ని చూడలేకపోయారు. ఆలస్యం తనిఖీకి పనికిరాలేదు, ఆశలు పెరగడానికి మాత్రం పనికొచ్చింది. తప్పు దిద్దుకున్నది ప్రకటన తర్వాతే. దాని నుంచి పాఠం నేర్చుకున్న తీరు కల్హమ్‌లో కనిపిస్తుంది. హార్వెల్‌కు దగ్గర్లోనే ఉన్న ఆ నౌకాదళ విమానాశ్రయంలో సంలీన ప్రయోగశాల మొదటినుంచీ రహస్యం లేని సంస్థగా ఏర్పడింది. మాస్కోలోని టోకమాక్ అనే సంలీన యంత్రంలో ప్లాస్మా వేడి కోటి డిగ్రీలు చేరిందని సోవియట్ శాస్త్రవేత్తలు చెప్పినప్పుడు పశ్చిమ దేశాలు నమ్మలేదు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, 1969లో, కల్హమ్ బృందం టన్నుల కొద్దీ లేజర్ పరికరాలు మాస్కోకు తీసుకెళ్లి కొలిచి, వాళ్ల మాట నిజమేనని ప్రకటించింది. ప్రపంచం మొత్తం టోకమాక్ వైపు తిరగడానికి ఆ కొలతే కారణమైంది. యూరప్ దేశాలు కలిసి కట్టిన జెట్ అనే టోకమాక్ యంత్రం 1983లో కల్హమ్‌లోనే తొలి ప్లాస్మాను ఇచ్చింది, 2023 చివర ఆగేముందు ఒక్క విడతలో 69 మెగాజూల్స్ సంలీన శక్తి పుట్టించింది. రహస్యంగా ఉన్న రోజుల్లో జీటా చేరలేని చోటుకు ఈ పని ఇచ్చిపుచ్చుకోవడం వల్ల చేరింది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం డబ్బుది. బాంబు లేకపోతే హార్వెల్ లేదు. బెపో రియాక్టర్‌లో నేర్చుకున్న గాలితో చల్లబరిచే పద్ధతినే, బాంబుకు ప్లుటోనియం తయారుచేసిన విండ్‌స్కేల్ రియాక్టర్లలో వాడారు. ఖజానా తలుపులు అంత ధారాళంగా తెరుచుకున్నది శుద్ధ విజ్ఞానం మీద ప్రేమతో కాదు. ఈ మాటకు నా దగ్గర ఖండన లేదు, ఉండకూడదు కూడా. మొదలెలా జరిగిందో దాచి చరిత్ర రాయడం తప్పు. అయితే బాంబు పని 1950 తర్వాత ఆల్డర్‌మాస్టన్‌కు వెళ్లిపోయింది, విద్యుత్ రియాక్టర్ల రూపకల్పన కూడా క్రమంగా వేరే చోట్లకు తరలింది. 1960ల మధ్యకు వచ్చేసరికి హార్వెల్ దేనికోసం ఉందన్న ప్రశ్న నిజంగానే తలెత్తింది. 1965 నాటి చట్టం అణుశక్తితో సంబంధం లేని పరిశోధన చేయడానికి అనుమతి ఇచ్చాకే, 1968లో వచ్చిన డైరెక్టర్ వాల్టర్ మార్షల్ పరిశ్రమలకు కావలసిన పనులవైపు సంస్థను తిప్పగలిగాడు. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1980లో లిథియం బ్యాటరీకి కోబాల్ట్ ఆక్సైడ్ ధ్రువాన్ని కనిపెట్టినప్పుడు, విశ్వవిద్యాలయం పేటెంటు మీద ఆసక్తి చూపలేదు. ముందుకొచ్చి పేటెంటు తీసుకున్నది హార్వెల్. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం బ్యాటరీకి, ఆ తర్వాత మన జేబుల్లోని ఫోన్లకు ఆధారం ఆ పదార్థమే. గుడ్‌ఇనఫ్‌కు 2019లో నోబెల్ వచ్చింది. జీవశాస్త్రంలో కూడా ఇదే దారి. అణు పరీక్షల ధూళి సంతానానికి ఏ హాని చేస్తుందో తెలుసుకోవడానికి వైద్య పరిశోధన మండలి హార్వెల్‌లో ఎలుకలను పెంచింది. ఆ ఎలుకల రంగుల మచ్చలను పరిశీలిస్తూ మేరీ లయన్ 1961లో, ఆడ క్షీరదాల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రాణమవుతుందని ప్రతిపాదించింది. నలుపు, నారింజ మచ్చలు కలిసి ఉన్న పిల్లుల్లో దాదాపు అన్నీ ఆడవే ఎందుకన్న సందేహానికి కూడా అందులోనే సమాధానం దొరికింది. బాంబు డబ్బు ఈ పరిశోధనలకు తలుపు తెరిచిందేమో, కానీ నిలబెట్టింది మాత్రం ఆ డబ్బు వెనక ఉన్న ఉద్దేశం కాదు.

కంచె చేసిన హాని నేలలో కూడా మిగిలింది. సుద్దరాతి నేల నీటిని తేలిగ్గా పీలుస్తుంది. ఆ నేలలో తవ్విన గుంతల్లో దశాబ్దాల కిందట పూడ్చిన రసాయన ద్రావకాలు భూగర్భ జలాల్లోకి ఇంకిపోయాయి, వాటిని బయటికి తోడి శుద్ధిచేసే పని తర్వాత ఏళ్ల తరబడి సాగింది. గ్లీప్ రియాక్టర్‌ను పూర్తిగా విప్పదీయడం 2004కి గానీ ముగియలేదు, మిగతా రియాక్టర్లలో కొన్నింటి పని ఇంకా ఉంది. ఆ రోజుల్లో వ్యర్థాలను ఎక్కడైనా అలాగే పూడ్చేవారన్నది నిజమే. కానీ కంచె లోపల ఏం పూడుస్తున్నారో చుట్టుపక్కల రైతుకు అడిగే వీలే లేదు. అడిగేవాళ్లు లేనిచోట జాగ్రత్త సన్నగిల్లుతుంది.

ఇప్పుడు హార్వెల్ ప్రభుత్వ సంస్థలు, ప్రైవేటు పెట్టుబడి కలిసి నడిపే పరిశోధనా ప్రాంగణం. యూరప్ అంతరిక్ష సంస్థకు కూడా అక్కడ కేంద్రం ఉంది. కాపలా కంచె చాలావరకు పోయింది. అయితే మూసేయడానికి ముళ్లతీగ ఒక్కటే మార్గం కాదని కోవిడ్ రోజులు చూపించాయి. 2020 మొదట్లో డైమండ్ శాస్త్రవేత్తలు కరోనా వైరస్‌లోని ఒక ముఖ్య ప్రోటీన్‌కు ఏయే చిన్న రసాయన శకలాలు అతుక్కుంటాయో గుర్తించి, ఆ ఫలితాలను వెంటనే అందరికీ అందుబాటులో పెట్టారు. వాటిని తీసుకొని అనేక దేశాల రసాయన శాస్త్రవేత్తలు పేటెంట్లు లేని మందు కోసం కలిసి పనిచేశారు. అదే ప్రాంగణంలో, భవిష్యత్తులో వచ్చే మహమ్మారులకు దేశం సొంతంగా టీకాలు చేసుకోవాలని ప్రభుత్వ ధనంతో ఒక తయారీ కేంద్రం కట్టడం మొదలుపెట్టి, పూర్తికాకముందే 2022లో దాన్ని అమెరికన్ కంపెనీ క్యాటలెంట్‌కు అమ్మేశారు. వ్యాపార సంస్థ చేతిలో ఉంటే టీకాలు త్వరగా, చవకగా వస్తాయని సమర్థించేవారున్నారు, ఆ వాదంలో పస లేదనను. కానీ ప్రజల సొమ్ముతో కట్టిన చోట ఏ పని జరగాలో నిర్ణయించే హక్కు అమ్మకంతోపాటే చేతులు మారింది. 1957లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాల కట్టినవాళ్లు, ఈ యంత్రాన్ని వాడే హక్కు ఎవరిది అన్న ప్రశ్నను ముందే అడిగి, గేటు ఎక్కడ పెట్టాలో ఆ జవాబును బట్టి నిర్ణయించారు. హార్వెల్‌లో కొత్తగా లేచే ప్రతి భవనానికీ ఇప్పుడు ఆ ప్రశ్న పునాదికి ముందే వేయవలసి ఉంది.